ఫ్యాను ఆపి చదవాల్సిన ఉత్తరం

రాయచూరు

గోరేబాళలో ఉన్న పెదనాన్న గారికి,

నిరుడు ట్రాక్టరు మీంచి పడి తలకు దెబ్బ తగిలాక, నలుగురిలో ఉంటే మీకు మాటలు అందడం లేదు. వినికిడి పరీక్షల చదువు చదువుతున్న నేను మీకు చెవి పరీక్ష చేసి, కోతమిషను దగ్గర అందరి ముందూ, "ఈయన చెవులు బానే ఉన్నాయి. పని ఎగ్గొట్టడానికే ఈ నాటకం" అన్నాను. "దొరికిపోయావన్నయ్యా!" అంటూ సుబ్బు బాబాయి నవ్వాడు. మీరు తలవంచుకుని వెళ్లిపోయారు.

నిన్న క్లాసులో తెలిసింది. చెవి శబ్దాన్ని అందిస్తుందంతే. రొదలోంచి మాటను విడదీసేది మెదడు. అక్కడి భాగాల మధ్య దారి దెబ్బతింటే, చెవి బాగున్నా మాట పోల్చుకోలేరట. మన ఇంట్లో మొదట చదువుకున్నదాన్నని అందరూ నా మాటే నమ్మారు. ఫోను చేస్తే మీకు మాట అందదు, ఎదుటికి రావడానికి నాకు మొహం చెల్లలేదు. క్షమించండి.

చిట్టీ, ఫ్యాను ఆపి, మీ నాన్న ఎదురుగా కూర్చుని ఇది నెమ్మదిగా చదువు. తర్వాత ఆరోజు నవ్విన వాళ్లందరినీ పిలిచి గట్టిగా చదువు.

మీ తమ్ముడి కూతురు