జడలోకి కాని మల్లెలు

బెజవాడ,
వ్యయ సంవత్సరం, జ్యేష్ఠమాసం.

చి.ల.సౌ. కనకవల్లికి,

భానుమూర్తి ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నువ్వూ, అత్తయ్యగారూ, మామయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం శుక్రవారం అందింది. జవాబు రాద్దామని కూర్చోవడం, కలం మూసి లేచిపోవడం, ఇదే పని అయింది.

ముందు నువ్వడిగిన సంగతులు. అమ్మ మోకాలినొప్పి కాస్త నెమ్మదించింది. ఆముదం వెచ్చచేసి రాసుకుంటోంది. పెరట్లో నువ్వు పెట్టిన దొండపాదు బతికే ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు దానికే పోస్తోంది. ఎండలు మాత్రం చెప్పనలవి కావు. కాలువలకు ఇంకా నీళ్ళు వదల్లేదు. పొద్దుగూకినా కొండరాయి సెగ వీధిలోకి కొడుతూనే ఉంది. కంకిపాడులో మీ పుట్టింట నయమనుకుంటాను, అక్కడ చుట్టూ చెట్లున్నాయి గదా. నువ్వు భోజనం సరిగ్గా చేస్తున్నావో లేదో రాయలేదు. అత్తయ్యగారిని రాయమని అడుగుదామనుకుని, సిగ్గేసి మానేశాను.

ఇక ఆఖర్న అడిగిన ప్రశ్న. కిందటి ఉత్తరంలో నువ్వు పంపిన గీతానికి నేను రాసిన జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది. యతిప్రాసలు లేవన్నాను. భావం ఉంది గానీ పద్యం కాదన్నాను. 'రొమ్ము' వంటి మాట సంసార స్త్రీ రాయదగింది కాదు, తీసెయ్యమన్నాను. దానికి నువ్వు, "ఆ మాట తీసేస్తే పాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని రాయమంటారు?" అని అడిగావు. ఆ వాక్యం దగ్గరే ఇన్నాళ్ళూ ఆగిపోయాను. నీ గీతం ఇప్పుడు నాకు నోటికి వచ్చు. తప్పు లేకుండా వచ్చిందో లేదో చూడు.

అత్తయ్య మల్లెపూలు తెప్పించారు
జడలోకి కాదు
మెత్తగా నలిపి రొమ్ముకు కట్టారు
పాలు ఇంకాలట

పాలకేం తెలుసు
తాగే నోరు లేదని
వేళకు వస్తున్నాయి
రవిక తడుస్తోంది

సాయంత్రం ఆయన వచ్చారు
ఇల్లంతా మల్లెల వాసన
బాగుంది అన్నారు
గోడవైపు తిరిగి పడుకున్నాను

నిజంగానే అన్నాను ఆ మాట. నెలలు నిండకుండానే నొప్పులు రావడం, నిన్ను పుట్టింటికి తీసుకెళ్ళే వ్యవధి లేకపోవడం, పురుడు వెళ్ళకముందే పాప పోవడం, అన్నీ చూసిన మనిషినే. అయినా ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, అమ్మ మల్లెలు ఎందుకు తెప్పించిందో ఆలోచించకుండా బాగుందన్నాను. ఎందుకు కడతారో అప్పటికి నాకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అడగకపోవడానికి మాత్రం ఏ సాకూ దొరకలేదు.

చిన్నప్పటి నుంచి పద్యాలు వల్లించినవాణ్ణి. కన్నీళ్ళు కాలువలై పారే పద్యాలు నాకు ఎన్నో వచ్చు. వాటిని చదివి ఆహా అన్నానే గానీ, ఎప్పుడూ భోజనం మానలేదు. నీ 'వేళకు వస్తున్నాయి' దగ్గర మాత్రం ముద్ద దిగలేదు. అందులో ఉపమానం లేదు, విధిని తిట్టడం లేదు. మనింట్లో జరిగింది జరిగినట్టుంది. నాకు కోపం తెప్పించింది ఛందస్సు కాదు. అందులో నేనున్నాను, ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఉన్నాను. అందుకని యతిప్రాసల చాటుకు వెళ్ళాను.

ఇంతవరకూ రాసింది తేలిక. అసలుది ఇంకా రాయలేదు.

నీ గీతంలో తప్పులెన్నిన ఆ ఉత్తరం పోస్టులో వేసిన రోజే నేనొక సీసపద్యం కట్టాను. గ్రంథాలయం వార్షికోత్సవానికి కవులందరూ వస్తున్నారు, నన్నూ చదవమన్నారు. నీ మల్లెలు తీసుకున్నాను. లేత మొగ్గ, తల్లితీగ, వడగాలి లాంటి విధి, ఇలా అల్లాను. రొమ్ము తీసేశాను, పాలు తీసేశాను, నన్ను తీసేశాను. సభలో చదివితే రెండోసారి చదవమన్నారు. కార్యదర్శి రామకోటేశ్వరరావుగారు కళ్ళు తుడుచుకుంటూ లేచి, నా మెళ్ళో దండ వేశారు. మల్లెదండే. నేను నమస్కారం పెట్టి వేయించుకున్నాను. అంతమందిలో ఒక్కరికీ నీ పేరు చెప్పలేదు.

ఆ దండతోనే ఇంటికి వచ్చాను. అమ్మ వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది.

"ఎవరు వేశార్రా?" అంది.

"సభలోనమ్మా. పాప మీద పద్యం చదివాను."

"ఏదీ, నన్నూ విననీ."

చదివాను. చేట పక్కన పెట్టి మొత్తం విన్నది. అయ్యాక, "బానే ఉంది గానీ, ఇందులో కనకవల్లి ఏదిరా?" అని అడిగింది.

లోపలికి వెళ్ళి నీ ఉత్తరం తెచ్చి నీ గీతం చదివాను. రెండో ముక్క అయ్యాక ఆపాను.

"తర్వాత?"

"అంతేనమ్మా."

"అంతే అయితే కాయితం కేసి చూస్తావేం? చదువు."

చదివాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ వేళ నువ్వన్న మాట నాకూ వినపడింది. మగాడు, వాడికేం తెలుసులే అని సరిపెట్టుకున్నా. పిలిచి చెప్పాల్సింది. ఆ పిల్ల ఒక్కతే మింగింది," అంది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, "నాకూ కట్టార్రా. నీకంటే ముందు. మా అత్తగారు కట్టారు," అంది.

నాకంటే ముందు ఒక బిడ్డ ఉన్నట్టు నాకు ఈ వయసు దాకా తెలియదు. ఆడపిల్లా, మగపిల్లాడా అని అడిగాను. ఆడపిల్లేనట. ఎన్నడూ చెప్పలేదేమమ్మా అంటే, "ఏమని చెప్పను? ఇవన్నీ చెప్పుకునేవని గానీ, రాసుకోవచ్చని గానీ నాకు తెలీదు. మళ్ళీ చదువు," అంది. మళ్ళీ చదివాను. మర్నాడు మడి కట్టుకుంటూ 'పాలకేం తెలుసు' అని తనలో తాను అనుకోవడం విన్నాను.

ఆదివారం గ్రంథాలయంలో మామూలు గోష్ఠి. నేను లేచి, ఆ రోజు చదివిన పద్యం నాది కాదని చెప్పాను. ఎవరిదన్నారు. "మా ఇంటావిడ రాసింది. అందులో నిజమంతా తీసేసి నేను చదివాను," అన్నాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. రామకోటేశ్వరరావుగారు నవ్వలేదు.

"అయితే ఆ నిజం ఉన్నదే చదవండి, వింటాం," అన్నారాయన.

"ఆమెని అడగలేదండీ. ఒకసారి అడక్కుండా తీసుకున్నాను. చాలు," అని కూర్చున్నాను.

సభ ముగిశాక ఆయన మెట్ల దాకా వచ్చి, అమ్మాయిగారు ఒప్పుకుంటే తాము నడిపే పత్రికలో వేస్తామనీ, ఒక్క అక్షరం కూడా మార్చబోమనీ చెప్పారు. అది నీ ఇష్టం. వద్దంటే వద్దు. ఇస్తే మాత్రం నా గురించి రాసిన ముక్క తీసెయ్యకు, మెత్తబరచకు. ఆఫీసులో అందరూ చదువుతారని భయం లేదా అంటే ఉంది. అయినా ఉండనీ.

అమ్మకు మీ ఊరు రావాలని ఉంది. బందరు బస్సులో ఎక్కించి పంపుతాను. బొగ్గుతో నడిచే ఆ బస్సు పొగ తనకు పడదని తెలిసీ, వెళ్తానని పట్టుబట్టింది. నీతో మాట్లాడాల్సిన మాటలున్నాయట, అవేమిటో నాకు చెప్పలేదు. నేను మాత్రం నువ్వు రమ్మంటేనే వస్తాను. నిన్ను తొందరపెట్టి తీసుకురావాలని నాకు లేదు. ఎన్నాళ్ళు ఉండాలనిపిస్తే అన్నాళ్ళు ఉండు. రాయాలనిపిస్తే రాయి. నాకు పంపాలని లేకపోతే పంపకు.

ఆ సాయంత్రం చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నీ మంచం దగ్గర కూర్చుని, నొప్పిగా ఉందా అని అడగవలసింది. ఇప్పుడు అడుగుతున్నాను. చాలా నొప్పిగా ఉందా కనకవల్లీ?

ఇట్లు,
నీ భర్త, మన పాప తండ్రి,
భానుమూర్తి.