బీప్ తర్వాత పేరు చెప్పొద్దు

ఫేబీ, సంచీ దించి ఇట్లా దగ్గరికొచ్చి కూర్చో తల్లీ, ఈ చీటీ నిలబడి చదివేది కాదు. రెబెక్కమ్మతో కోట ఊళ్లో ప్రార్థన కూటానికి పోతున్నాను. చేపల పులుసు వేడి చేసుకొని తిను. నా ఫోను కావాలనే టేబులు మీద వదిలాను.

అందులో ఇన్సూరెన్సు వాళ్ల వాయిస్ మెసేజీలు పదకొండున్నాయి. అన్నీ తీసేసి ఆ నంబరు బ్లాకు చెయ్యి. "మెసేజీలు వద్దనుకుంటే బీప్ తర్వాత మీ పేరు చెప్పండి" అంటుంది ఒకమ్మాయి. నువ్వు చెప్పొద్దు.

పోయిన వారం నేను చెప్పాను. నా పేరు కాదు. మన పడవల వాళ్లు, నీళ్ల మీద మనిషి కనపడకుండా పిలుపు వినిపిస్తే తమ పేరు చెప్పరు, సముద్రంలో పోయినవాళ్ల పేరు చెప్పి పంపేస్తారు. అట్లాగే సమాధానం అని మీ తాత పేరు చెప్పాను, పోయినాయన్ని ఎవరేం చేస్తారులే అని.

ఈ పొద్దున మళ్లీ అదే గొంతు. "సమాధానం గారితో మాట్లాడాము. మీ ఇంట్లో ఒక పాప ఉందన్నారు. పాప పేరు బీప్ తర్వాత చెప్పండి" అంది. "పాపా లేదు, గీపా లేదు, పోవే" అన్నాను. మీ తాత పోయేనాటికి నువ్వు పుట్టనే లేదు కదమ్మా.

పొద్దు గుంకేలోపు వస్తాను. ఈ సంగతి మరిచిపోకు, రేపు నీ పిల్లలకూ ఇట్లాగే చెప్పు.

ఇంకో మాట. మీ తాత మంచివాడే, నిన్ను చూడలేదని ఆశపడి అడిగాడేమో. నీ పేరు నేను ఆయన దగ్గరికి పోయినప్పుడు నా నోటితో చెప్తాను. మళ్లీ ఆ పిలుపొస్తే అందాకా ఆగమను.