పొద్దుటి ఫ్లాస్కు

చిన్నోడికి ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం; మోకాళ్ళు, పక్కింటివాళ్ళు ఎప్పటిలాగే ఉన్నారు. నీ కూతురికీ నీ జబ్బే వచ్చిందని, దానికీ పాలపొడే పెట్టారని నీ ఉత్తరంలో చదవగానే పాత ఒట్టు ఒకటి గుర్తొచ్చింది. అప్పుడు నీకు ఆరేళ్ళు. పేగుల్లో పుండ్లని తేలాక, కొన్ని వారాలపాటు డాక్టరిచ్చిన పాలపొడే మందు, అది తప్ప నీ నోట్లోకి మరేదీ పోకూడదన్నారు. మేము ఉద్యోగాలకి పోతే నిన్ను చూసుకోవడానికి అత్తయ్య వచ్చింది. నీ తల మీద చెయ్యిపెట్టి, "డబ్బాలో పొడి, కాచిన నీళ్ళు. ఇంకోటి కలిపితే నా కళ్ళు పోతాయి అన్నయ్యా" అంది. పక్కనే మీ అమ్మా ఒట్టేసింది. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టారు.

పాప అందరితోపాటు భోజనానికి కూర్చోవాలా అని అడిగావు. దాన్నే అడుగు. నువ్వైతే పేచీ పెట్టి మరీ కూర్చునేవాడివి. పాలు పోసిన నీలం గ్లాసు పట్టుకుని, "నాన్నా, ఈరోజు కూరలో ఉప్పెక్కువైందా?" అని ఆరా తీసేవాడివి. పడుకునే ముందు కథ చదువుతూ తిండి వచ్చిన చోటల్లా దాటేసేవాణ్ణి. ఇన్ని పుస్తకాలు నమిలినవాణ్ణి, తిండిలేని కథ ఒక్కటీ దొరకలేదు. రెండోవారానికి పట్టేశావు.

"ఈ రాజుగారూ పాలపొడేనా నాన్నా?" అన్నావు.

మీ అమ్మ పగలబడి నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. అలాంటి సాయంత్రాలు మళ్ళీ రాలేదురా.

ఇక నీ అసలు ప్రశ్న. "నాకు పనిచెయ్యని పాలు దానికెందుకు? ఏడుస్తోంది, మానిపించేస్తాను" అని రాశావు. నిజమే, నీకు పాలు పట్టలేదని తేల్చి డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు. మొహం గుమ్మడికాయలా ఉబ్బింది, ఎదుగుదల ఆగింది. బళ్ళో ఎవరైనా "పొట్టోడా" అంటే ఇంటికొచ్చి నాతో దెబ్బలాడేవాడివి.

కానీ నువ్వు తాగింది ఉత్త పాలు కాదు. మాత్రలు మొదలయ్యాక, మూలన పడేసిన నీ పాల ఫ్లాస్కు కడగబోతే అడుగున గోధుమపిండి జావ పేరుకుని ఉంది.

"ఎవరిదీ పని?" అన్నాను.

"నేనే అన్నయ్యా. పిల్లాడు నీరసంగా ఉన్నాడని..."

"మరి నీ కళ్ళు పోలేదేం?"

ఆ పూటే పంపించేశాను. మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. నీకు మాత్రం ఏదో మాటపట్టింపని చెప్పాను.

పోయే ముందు, ఆస్పత్రి మంచం మీద మీ అమ్మ నోరు విప్పింది. పొద్దుటి ఫ్లాస్కు నింపి వెళ్ళేది తనేగా. "ఉత్త పొడితో పిల్లాడు బతుకుతాడా అండీ? ప్రాణం ఒప్పలేదు" అంది. మా కాపురంలో చిచ్చు రాకూడదని అత్తయ్య ఆ తప్పు నెత్తిన వేసుకుందట. అమ్మ మాటెత్తితే నువ్వు పసివాడివైపోతావు. అందుకే ఇన్నాళ్ళూ దాచాను.

పాలు మానిపించకు. డాక్టరు చెప్పినన్నాళ్ళూ ఇచ్చి చూడు. నీ విషయంలో ఆ వైద్యం సరిగ్గా జరగనే లేదు. సాయానికి అత్తయ్యని పిలుచుకో. నేను రాస్తే రాదు, పౌరుషం మా వంశానిది, నువ్వే రాయి.

మీ అమ్మని క్షమించమని మాత్రం నాతో అనకు. క్షమిస్తే ఆయుష్షు పెరుగుతుందని పేపర్లో రాస్తున్నారు. పెంచుకుని ఏం చేసుకోను? ఆవిడ లేని ఈ ఇంట్లో రోజూ ఆవిడతోనే పోట్లాడుతున్నాను. డాక్టర్ని తిట్టాను, తోడబుట్టినదాన్ని వెళ్ళగొట్టాను. వాళ్ళెవరిదీ కాదు. తప్పు మీ అమ్మది.

ఇట్లు,
మీ నాన్న