మొదటి గుక్క నేనే ఇచ్చాను

భవానీపురం,
ఆదివారం.

మేరక్కకి తమ్ముడు ప్రసాదు నమస్కారాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, సుజాతా, పిల్ల గ్రేసీ ముగ్గురం తిరుగుతూ పనులు చేసుకుంటున్నాం. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారు మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?

అవనిగడ్డ వదిలి వచ్చి ఏడాది కావస్తోంది. ఇబ్రహీంపట్నంలో పవర్ ప్లాంటు పని బాగానే ఉంది. ఎండలు మాత్రం తట్టుకోలేకపోతున్నాం. చేపలు దొరుకుతాయి గానీ మన వైపు రుచి రాదు. పక్కింటివాళ్ల పేరు కూడా తెలియని ఊరక్కా ఇది. ఏమీ తోచక, పనిలో కలిసిన నలుగురిని ఆదివారాలు ఇంటికి పిలవడం మొదలుపెట్టాను.

నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ అంతా బాగుందనే చెప్పాను. బాగాలేదు. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

ఆ ఆదివారాలు మందు తాగేవాళ్లం. ఫ్రిజ్‌లోంచి సీసాలు తెచ్చిపెట్టేది గ్రేసీయే. దానికి పదమూడేళ్లు. ఒకరోజు నవ్వులాటగా నా గ్లాసు దాని నోటికి అందించి, "ఒక్క గుక్కకి ఏం కాదులేమ్మా" అన్నాను. సుజాత వచ్చి గ్లాసు లాక్కుంది. నలుగురి ముందూ సుజాతనే కసిరాను.

పోయిన నెల గ్రేసీ స్నేహితురాలు హర్షిత పుట్టినరోజు వచ్చింది. నా అలమరలోని బ్రాందీ కూల్‌డ్రింకులో కలిపి గ్రేసీ బడికి పట్టుకెళ్లింది. భోజనాల బెల్లులో ఇద్దరూ తాగారు. మన పిల్ల ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసిందట. హర్షిత మాత్రం పంతానికి సీసా ఖాళీ చేసి, వాంతులు చేసుకుని మెట్ల మీదే స్పృహ తప్పింది. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి ఆ పిల్లకి సెలైన్ ఎక్కుతోంది. వాళ్లమ్మ గ్రేసీని అడుగుతోంది.

"ఎవరిచ్చారమ్మా నీకది?"

"నేనే తెచ్చానాంటీ. ఏం కాదని మా నాన్నే అన్నారు."

ఆవిడ నావైపు చూసింది.

"లేదండీ, మా పిల్ల అబద్ధమాడుతోంది" అన్నాను.

గ్రేసీ తల దించుకుంది.

హర్షిత రెండు రోజులకి కోలుకుని ఇంటికి వెళ్లింది. నాకు మాత్రం అన్నం సహించలేదు. మూడోనాడు గ్రేసీని వెంటబెట్టుకుని బడికి వెళ్లాను. హర్షితా వాళ్లమ్మని కూడా అక్కడికే రమ్మన్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారి ముందు జరిగిందంతా చెప్పాను. మొదటి గుక్క నేనే ఇచ్చానని, ఆస్పత్రిలో అబద్ధమాడింది నేనేనని చెప్పాను.

హర్షితా వాళ్లమ్మ అంది, "నిజం చెప్పారు, సరే. మా పిల్లని మాత్రం ఇక మీ ఇంటికి పంపనండీ."

"అలాగేనండీ" అన్నాను.

గ్రేసీని బడిలోంచి తీసెయ్యలేదు. టీచరుగారు వారానికోసారి దాన్ని కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. ఇంట్లో ఉన్న సీసాలన్నీ సింకులో పారబోశాను. ఆదివారాలు ఎవరినీ పిలవడం లేదు. గ్రేసీ బాగానే తింటోంది, చదువుతోంది, నువ్వు దిగులు పెట్టుకోకు. నాతో మాత్రం అడిగినదానికే జవాబు చెబుతోంది. వీలైతే ఓసారి దానికి ఫోన్ చెయ్యి. నా గురించి ఏమీ అడగొద్దు.

ఒక పని చేసిపెట్టక్కా. పోయినసారి నేను అక్కడికి వచ్చినప్పుడు మీ అబ్బాయి డేవిడ్ తన ఏడేళ్ల కొడుక్కి కల్లు పట్టాడు. నేనూ నవ్వాను. ఈ ఉత్తరం వాడిని కూర్చోబెట్టి చదివి వినిపించు. తమ్ముడి పరువు పోతుందని ఎక్కడా దాటెయ్యకు. గ్రేసీని అబద్ధాలకోరుని చేసిన చోట ఇంకా గట్టిగా చదువు.

బావగారికి, పెద్దమ్మకి నా వందనాలు. మా కోసం, ముందుగా గ్రేసీ కోసం ప్రార్థన చెయ్యి.

నీ చేతుల్లో పెరిగిన
ప్రసాదు