చల్లారని సూపు, చేజారిన చేప

ఇనారి సరస్సు

అమ్మా సిర్కా,
మేమిద్దరం కులాసా. నిన్న సరస్సు మంచులో తవ్విన మీ నాన్న కన్నం దగ్గర, చేప గాలానికి తగిలితే లేచే జెండా లేచింది. “బాబాయ్, రండి! పైక్ చేప పడింది!” అని మా గైడు యౌని కేకేశాడు. “ముందు సూపు తాగండి, చల్లారిపోతుంది,” అని మీ నాన్నను నేనే ఆపాను. ఎవరి కన్నంలో చేపను వాళ్లే లాగాలని యౌని దారం ముట్టలేదు. మేం వెళ్లేసరికి చేప అడుగున రాళ్లకు దారం చుట్టి తెంపుకుపోయింది. గుండె డాక్టరు ఆయనకు మంచు మీద చేపలవేట ఇదే ఆఖరన్నాడని తెలిసీ ఆపాను చూడు. “నీ సూపు చల్లారుతుందని చేపకేం తెలుసే!” అని నవ్వారాయన.

ఫోనులో నీకు చేప తన చేతిలోంచే జారిందని చెబుతారు. నమ్మినట్టే విను. మా ఇంట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్నావా? చేప కోసం ఖాళీ చేసిన ఫ్రీజరు అరలో బెర్రీలు మళ్లీ సర్దెయ్యి. ఆయన ఇంటికొచ్చి దాని తలుపు తీసేసరికి ఆ ఖాళీ కనబడకూడదు.

పిల్లలకు ముద్దులు.
అమ్మ