ఫ్లెక్సీ మీద నాన్న ఫోటో

పాస్టరయ్యగారికి,

వందనాలండి. ఆదివారం నాన్న జ్ఞాపకార్థ కూడికకి మీరు వేయిస్తున్న ఫ్లెక్సీలో, ఆయన బల్ల మీదకి వంగి ప్రార్థన చేస్తున్న ఫోటో పెట్టొద్దండి. దయచేసి వేరేది చూడండి.

నాన్న అప్పుడు ప్రార్థన చేయట్లేదండి. రైస్‌మిల్లు దుమ్ముకి పాడైపోయిన ఊపిరితిత్తులు ఆయనవి. ఆయాసం ముదిరిన మనిషి అలాగే ముందుకి వంగి, మోచేతులు ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి గాలి వదులుతాడు. ఫోటోలో గాలి అందక మెడ దగ్గర పడ్డ గుంటలు చూడండి. ఆసుపత్రిలో నర్సింగ్ పిల్లలకి నేను మొట్టమొదట నేర్పేది అదేనండి. అలా వంగిన మనిషిని ఒంటరిగా వదలొద్దని చెప్తాను.

ఆ రోజు ఇంట్లో అందరూ చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికేసి బయట కూర్చున్నారు. ఎన్నడూ చర్చికి రాని మనిషి ఇన్నాళ్ళకి దేవుడి వైపు తిరిగాడని అమ్మ ఏడ్చింది. ఆ ఫోటో తీసింది అమ్మేనండి. మళ్ళీ తలుపు తీసేసరికి ఆయన లేరు.

ఈ మాట అమ్మకి మాత్రం చెప్పకండి. ఆవిడకి మిగిలిన ఆదరణ అదొక్కటే. పెద్దది చేస్తే మసగ్గా వస్తోందని చెప్పండి. మీ చేత అబద్ధం ఆడిస్తున్నాను, క్షమించండి.

ఎంత చెప్పినా అమ్మ ఒప్పుకోకపోతే, అదే వేయించేయండి. నేను ఆ ఫ్లెక్సీ వైపు చూడకుండా తల వంచుకుని కూర్చుంటాను. ప్రార్థన చేస్తున్నాననే అనుకుంటారు లెండి.

ఇట్లు,
సంపూర్ణమ్మగారి పెద్దమ్మాయి