ముప్పై రెండో క్యాచ్

14 మార్చి 2008, శుక్రవారం. అల్ అజీజియా, దోహా.

ఇవాళ నా చేతిని చూస్తేనే నాకు అసహ్యంగా ఉంది.

అల్లుడి కంపెనీ వాళ్ళు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎవరెన్ని పాసులు పట్టారో రాసే పుస్తకం ఈ ఏడాదంతా నా దగ్గరే ఉంది. విసిరిన బంతి చేతుల్లో నిలిచేలోపు నేలను తాకితే అది క్యాచ్ కాదు. రూలు అంతే. చివరి ఆటకి అల్లుడూ, జగిత్యాల నుంచి వచ్చిన టెక్నీషియన్ రాజేశమూ చెరి ముప్పై ఒకటి మీద ఉన్నారు. ఇంకొక్కటి పట్టినవాడిదే రికార్డు, కప్పూ.

అల్లుడు నా బల్ల ముందే పడిపోతూ పట్టాడు. బంతి గడ్డిని తాకి లేవడం నేను చూశాను. రెఫరీకి మనుషులు అడ్డం వచ్చారట, క్యాచేనా అని నన్ను అడిగాడు.

"అడగండి, అడగండి. రోజూ రామకోటి రాసే మనిషి, మా అత్తయ్యగారు అబద్ధమాడరు," అని అల్లుడు నవ్వాడు.

నేను తలూపాను. ముప్పై రెండు అని రాశాను కూడా. ఛీ.

తర్వాత రాజేశం వచ్చి పుస్తకంలోకి చూశాడు. "నాకైతే కింద తాకినట్టే అనిపించిందమ్మా. మీరు రాసిన్రు గదా, ఇగ నేనే తప్పు చూసిన," అని నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే అమ్మాయి ఆ కప్పుని దేవుడి గూట్లో పెట్టింది. రేపు చక్కెర పొంగలి నైవేద్యం పెట్టాలట.

రామకోటి రాసే పెన్నూ ఇదే. దాంతోనే ఇప్పుడు ముప్పై రెండుని కొట్టేశాను. పొద్దున కాఫీ ఇస్తూ అల్లుడికి ఆ మాట ఎలా చెప్పాలో...